ప్రధానపు ఉంగరానికి తోడు

పెళ్లి పనుల జాబితాలో ఉంగరం ఎప్పుడూ చివరనే ఉంటుంది. కల్యాణ మండపం, భోజనాలు, పట్టుచీరలు, శుభలేఖలు, ఫొటోలు, చుట్టాలకు బట్టలు అన్నీ అయ్యాక ఎవరో ఒకరు గుర్తుచేస్తారు, పెళ్లినాడు మార్చుకోవడానికి ఉంగరాలు తీసుకోలేదు కదా అని. అప్పుడు హడావుడిగా కొట్టుకు బయలుదేరుతారు. నిజానికి పెళ్లికి కొన్నవాటన్నిటిలో జీవితాంతం కంటి ముందు ఉండేది అదే. పట్టుచీర బీరువాలోకి వెళ్తుంది. ఫొటోలు ఆల్బంలోకి వెళ్తాయి. ఉంగరం మాత్రం పిండి కలిపేటప్పుడూ, బిడ్డకు నీళ్లు పోసేటప్పుడూ, ఆస్పత్రి మంచం పక్కన చెయ్యి పట్టుకుని కూర్చున్నప్పుడూ వేలినే ఉంటుంది. అందుకే దాన్ని ఎంచుకోవడం చివరి నిమిషంలో తెమల్చుకునే పని కాకూడదు.

తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో నిశ్చితార్థాన్ని ప్రధానం అంటారు. ఆ రోజు పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. ఇరువైపుల పెద్దలు మాట ఇచ్చిపుచ్చుకుంటారు. అబ్బాయి, అమ్మాయి ఉంగరాలు మార్చుకుంటారు. కొన్ని నెలల తర్వాత చర్చిలో పెళ్లి. అక్కడ ప్రమాణాలు, తాళి, చాలా సంఘాల్లో మళ్లీ ఉంగరాలు. అంటే ఒక్క వేలికి రెండు ఉంగరాలు చేరతాయి. మొదటిది ఎంతో సంబరంగా కొన్నది, ఈ మధ్య చాలా ఇళ్లలో రాయి పొదిగినది. దాని పక్కన చేరే రెండోది ఎలా ఉండాలి? మొదటిదానికంటే పెద్దదిగానా, దానితో సమానంగానా, లేక సాదాగానా?

ఈ ప్రశ్న దగ్గరే కొన్ని ఇళ్లలో మనసులు విరుగుతున్నాయి. ప్రధానానికి మేం ఇంత పెట్టాం, పెళ్లికి మీరెంత పెడతారని ఒకరు. మా అబ్బాయి వేలికి కాసు బంగారం కూడా లేకపోతే నలుగురిలో ఏం బాగుంటుందని ఇంకొకరు. కాసు అంటే 8 గ్రాములు. పది గ్రాముల మేలిమి బంగారం ధర 2025లో లక్ష రూపాయలు దాటింది. మిరప, పత్తి పండించుకుని బతికే పల్నాటి రైతుకు, రోజు కూలికి వెళ్లే కుటుంబానికి ఆ కాసు ఎంత బరువో వేరే చెప్పాలా? కలిసి బతుకుతామన్న మాటకు గుర్తుగా ఉండాల్సిన ఉంగరం, మొదటి ఏడాదే వడ్డీ కట్టే అప్పుగా మారితే అది దేనికి గుర్తు?

ఎత్తిపోతల దిగువన దొరికిన వజ్రాలు

మాచర్లకు, నాగార్జునసాగర్‌కు మధ్య ఉన్న ఎత్తిపోతల చూడనివారు పల్నాడులో తక్కువ. కొత్తగా పెళ్లయిన జంటలకు అది ఇష్టమైన చోటు. చంద్రవంక, నక్కల వాగు, తుమ్మల వాగు ఒక్కటై దాదాపు 70 అడుగుల ఎత్తునుంచి దూకే చోటది. అలా దూకిన నీరు కొద్ది దూరం పోయి కృష్ణలో కలుస్తుంది. ఆ కృష్ణ ఇంకా దిగువకు పారి, బెల్లంకొండ ప్రాంతంలోని కొల్లూరును తాకుతూ వెళ్తుంది.

కొల్లూరు పేరు ఈనాటి పెళ్లికూతుళ్లు విని ఉండకపోవచ్చు. కానీ ఒకప్పుడు ప్రపంచంలోని రాజులందరికీ ఆ పేరు తెలుసు. పద్దెనిమిదో శతాబ్దం తొలినాళ్లలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలు అందించింది ప్రధానంగా మన దేశమే. అందులోనూ కొల్లూరు గని పేరుమోసింది. కోహినూరు అక్కడిదేనని చాలామంది చెబుతారు. పదిహేడో శతాబ్దంలో ఆ గనిని చూసిన ఫ్రెంచి వ్యాపారి తవెర్నియే, ఆడామగా పిల్లలూ కలిపి అక్కడ దాదాపు 60,000 మంది పనిచేసేవారని రాశాడు. ఇప్పుడా చోటు పులిచింతల జలాశయపు నీళ్ల కింద ఉంది.

అరవై వేల మంది తవ్విన ఆ రాళ్లు రాజుల కిరీటాలకు వెళ్లాయి. తవ్విన చేతులు మట్టి చేతులుగానే మిగిలాయి. ఆ చేతులున్నవాళ్లు కూడా పెళ్లిళ్లు చేసుకున్నారు, పిల్లల్ని పెంచారు, ఒకరికొకరు తోడుగా ముసలివాళ్లయ్యారు. పెళ్లి నిలవాలంటే వేలికి వజ్రం ఉండాలన్న మాట వాళ్లెవరూ వినలేదు. ఆ మాట మన పల్నాటిది కాదు. నిశ్చితార్థానికి వజ్రపుటుంగరమే పెట్టాలన్న అలవాటును లోకమంతటా పాకించింది ఇరవయ్యో శతాబ్దపు వ్యాపార ప్రకటనలు. వజ్రం శాశ్వతమనే అర్థం వచ్చే పేరుమోసిన నినాదాన్ని డీబీర్స్ కంపెనీ కోసం 1947లో రాశారు. వజ్రం కొనుక్కోవడం తప్పని ఎవరూ అనరు. స్తోమత ఉన్నవారు కొనుక్కోవచ్చు. అయితే ఒక కంపెనీ ప్రకటనను దేవుని ఆజ్ఞలాగా మోయనక్కర్లేదు.

రిబ్కాకు రెండుసార్లు ఇచ్చిన బంగారం

పెళ్లిలో ఉంగరాలు మార్చుకోవాలని బైబిల్‌లో ఎక్కడా లేదు. అలాగని ఉంగరం ఊసే లేదని కాదు. ఫరో తన ఉంగరం తీసి యోసేపు చేతికి పెట్టడం అధికారానికి గుర్తు (ఆదికాండము 41:42). తప్పిపోయి తిరిగొచ్చిన కొడుకు వేలికి తండ్రి ఉంగరం పెట్టించడం, నువ్వు ఈ ఇంటివాడివేనని చెప్పడానికి గుర్తు (లూకా 15:22). ఆ కాలంలో ఉంగరం అంటే ముద్ర. అది పడితే మాట ఖాయమైనట్టు. వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు.

ప్రధానానికి ఒకటి, పెళ్లికి ఒకటి అన్న మన విషయానికి దగ్గరగా ఉన్నది మాత్రం రిబ్కా కథ (ఆదికాండము 24). అబ్రాహాము తన కొడుకు ఇస్సాకుకు పిల్లను చూడమని నమ్మకమైన సేవకుడిని పంపాడు. బావి దగ్గర రిబ్కా ఆ ముసాఫిరుకు నీళ్లిచ్చి, అడగకుండానే అతని ఒంటెలకు కూడా తోడిపోసింది. అప్పుడతను ఆమెకు బంగారు ముక్కుకమ్మి, రెండు కడియాలు ఇచ్చాడు. ఇది మొదటి బహుమానం. తర్వాత ఆమె పుట్టింటివారు సంబంధానికి ఒప్పుకున్నాక వెండి, బంగారు నగలు, వస్త్రాలు ఇచ్చాడు. ఆమె అన్నకూ తల్లికీ కూడా విలువైన వస్తువులు ఇచ్చాడు. ఇది రెండో బహుమానం.

ఈ కథలో మూడు సంగతులు గమనించాలి. మొదటి బంగారం ఆమె అందానికీ ఆస్తికీ ఇచ్చింది కాదు, ఆమె మంచితనం కళ్లారా చూశాక ఇచ్చింది. రెండోది, బంగారం నడిచిన దారి. అది అబ్బాయి ఇంటినుంచి అమ్మాయి ఇంటికి వెళ్లింది. ఇవాళ మన ఇళ్లలో అది అటునుంచి ఇటు నడుస్తోంది, పైగా తూకం వేసి మరీ నడుస్తోంది. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఇంత బంగారం చేతులు మారినా పెళ్లి దానితో ఖాయం కాలేదు. మర్నాడు రిబ్కాను పిలిచి, ఇతనితో వెళ్తావా అని అడిగారు. వెళ్తానని ఆమె తన నోటితో చెప్పాకే ప్రయాణం మొదలైంది. నగలు తోడుగా వెళ్లాయి. పెళ్లిని ముందుకు నడిపింది ఆమె ఒప్పుకోలు.

యేసు తల్లి మరియకు యోసేపుతో జరిగింది కూడా ప్రధానమే (మత్తయి 1:18, 19). యూదుల ఆచారంలో ప్రధానం అంటే ఊరికే మాట అనుకోవడం కాదు. దాన్ని తెంచుకోవాలంటే విడాకులే ఇవ్వాలి. కష్టమైన పరీక్ష వచ్చినప్పుడు కూడా యోసేపు మరియను నలుగురిలో అవమానపరచాలనుకోలేదు. దేవుని మాట విన్నాక ఆమెను తన ఇంటికి తీసుకెళ్లాడు. ప్రధానానికీ పెళ్లికీ మధ్య ఉన్న ఆ రోజులు అతని మాటకు విలువ ఎంతో చూపించాయి. కనుక ప్రధానపు ఉంగరం తక్కువదీ కాదు, పెళ్లి ఉంగరం దాన్ని మించాల్సినదీ కాదు. మొదటిది మాట ఇచ్చానని చెబుతుంది. రెండోది ఆ మాట దేవుని ఎదుట, సంఘం ఎదుట నిలబెట్టుకున్నానని చెబుతుంది.

రెండు చుట్లు, ఒక ఉంగరం

సంఘ చరిత్రలో కూడా ఉంగరం ఎన్నో దారులు తిరిగింది. రోమీయులు ప్రధానానికి ఒకప్పుడు రాయి లేని ఇనుప ఉంగరం పంపేవారని మొదటి శతాబ్దపు రచయిత ప్లినీ రాశాడు. క్రీ.శ. 866లో బల్గేరియా వాసులు పెళ్లి గురించి పంపిన ప్రశ్నలకు పోప్ మొదటి నికొలస్ జవాబు రాస్తూ, ప్రధానంలో వరుడు వధువు వేలికి తొడిగే ఉంగరాన్ని ప్రస్తావించాడు. అదే జవాబులో ఇంకో మాట కూడా చెప్పాడు. మిగతా ఆచారాలు ఏవి లేకపోయినా ఇద్దరి సమ్మతి ఉంటే చాలు, అది లేకపోతే మిగతావన్నీ వ్యర్థమేనని. పదకొండు వందల ఏళ్లు దాటినా ఆ మాట పాతబడలేదు.

పదహారు, పదిహేడు శతాబ్దాల్లో ఐరోపాలో జంట ఉంగరం ఒకటి వాడుకలో ఉండేది. దాన్ని గిమ్మల్ అనేవారు. లాటిన్‌లో కవలలు అనే అర్థమున్న మాటనుంచి ఆ పేరు వచ్చింది. అందులో రెండు సన్నని చుట్లు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. ప్రధానమయ్యాక అబ్బాయి ఒక చుట్టు, అమ్మాయి ఒక చుట్టు పెట్టుకునేవారు. పెళ్లినాడు ఆ రెండూ కలిసి ఒక్క ఉంగరమై వధువు వేలికి చేరేవి. ప్రధానపు ఉంగరం, పెళ్లి ఉంగరం వేర్వేరు కావు, ఒకే మాటకు రెండు భాగాలని చెప్పడానికి ఇంతకంటే చక్కని పనితనం ఏముంటుంది?

పల్నాడు క్రైస్తవులకు లూథరన్ మిషనుతో పాత బంధం ఉంది. 1842లో గుంటూరు చేరిన అమెరికన్ లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1849లో గురజాలకు వచ్చి ఇక్కడ సేవ సాగించారు. ఆ మిషను పనినుంచే 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడింది. ఆ సంఘానికి పేరునిచ్చిన మార్టిన్ లూథర్ 1529లో పాస్టర్ల కోసం ఒక చిన్న పెళ్లి పుస్తకం రాశాడు. అందులో వధూవరులు ఇద్దరూ ఒకరికొకరు ఉంగరాలు ఇచ్చుకుంటారు. ఇరవై ఏళ్ల తర్వాత, 1549లో వచ్చిన ఇంగ్లండు సంఘపు ప్రార్థన పుస్తకంలో మాత్రం వరుడు వధువుకు ఇస్తే సరిపోతుంది. ఇంగ్లండు, అమెరికాల్లో మగవారు పెళ్లి ఉంగరం పెట్టుకోవడం బాగా పాకింది రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనే. లూథరు పద్ధతిలో ఉన్న న్యాయం మనం మరచిపోకూడదు. మాట ఇద్దరిదీ అయినప్పుడు గుర్తు కూడా ఇద్దరికీ ఉండాలి.

ఉంగరమే వద్దన్నవారూ ఉన్నారు. మెథడిస్టు ఉద్యమాన్ని ప్రారంభించిన జాన్ వెస్లీ 1784లో అమెరికా సంఘాల కోసం సిద్ధం చేసిన ఆరాధన పుస్తకంలో పెళ్లి క్రమంనుంచి ఉంగరాన్ని తీసేశాడు. మన రాష్ట్రాల్లో కొన్ని పెంతెకొస్తు సంఘాల విశ్వాసులు నగలే ధరించరు. వారి పెళ్లిళ్లు ఉంగరం లేకుండానే జరుగుతాయి. వాటిలో ఏ లోటూ లేదు. కేరళలో తోమా క్రైస్తవులు సిలువ గుర్తున్న మిన్ను కడతారు. మన తెలుగు సంఘాల్లో సిలువో పావురమో ఉన్న తాళి కడతారు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం చూసినా, సంఘ సేవకుడు తనకు తగిన క్రమంలో, ఆయనగాక కనీసం ఇద్దరు సాక్షుల ఎదుట పెళ్లి జరిపించాలని ఉంది గానీ, ఉంగరం ఎన్ని గ్రాములుండాలని లేదు.

రెండోది ఎలా ఎంచుకోవాలి?

ఇన్ని చెప్పాక, ఉంగరం కొనుక్కునే జంటకు పనికొచ్చే నాలుగు మాటలు కూడా చెప్పాలి. విశ్వాసమంటే తెలివి పక్కన పెట్టడం కాదు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువే చెప్పాడు (లూకా 14:28).

ముందుగా బంగారం సంగతి. 22 కారట్లంటే నూటికి 91.6 పాళ్లు బంగారం. 18 కారట్లంటే 75 పాళ్లు. 22 కారట్లది మెత్తన కనుక, రాయిని గట్టిగా పట్టుకోవాల్సిన ఉంగరాలను ఎక్కువగా 18 కారట్లలో చేస్తారు. ప్రధానపు ఉంగరం అలాంటిదైతే, దాని పక్కన 22 కారట్ల ఉంగరం పెట్టుకున్నప్పుడు రెండూ రోజూ రాసుకుని మెత్తనిది ముందు అరుగుతుంది. కనుక ఒకే వేలికి పెట్టుకోవాలనుకుంటే రెండూ ఒకే కారట్‌వి తీసుకోవడం మేలు. రంగు కూడా కలుస్తుంది. తెల్ల బంగారం తీసుకునేవారు ఒకటి తెలుసుకోవాలి. దాని మెరుపు చాలావరకు పైన వేసిన రోడియం పూతది. వాడకంలో ఆ పూత పోతుంది, మళ్లీ వేయించుకోవాలి.

తర్వాత ఆకారం. రాయి కింద గూడు ఎత్తుగా ఉంటే పక్కన తిన్నని ఉంగరం చక్కగా ఆనుకుంటుంది. గూడు కిందికి దిగి ఉంటే రెంటి మధ్య సందు వస్తుంది. ఆ సందు ఇష్టం లేనివారికి మన కంసాలుల దగ్గర ఎప్పటినుంచో జవాబు ఉంది. అదే వంకీ ఉంగరం. మధ్యలో ఒంపు తిరిగి ఉంటుంది కనుక రాయిని తన ఒంపులో ఇముడ్చుకుంటుంది. కొట్లో కొత్తగా కనిపించే ఖరీదైన జత ఉంగరాలు ఆ పాత పనికి దగ్గరి చుట్టాలే. కొనేటప్పుడు ప్రధానపు ఉంగరం వేలికి పెట్టుకునే వెళ్లండి. ఫొటో చూపించి జత కుదర్చడం కష్టం.

కొలత దగ్గర తొందరపడొద్దు. రెంటచింతల ఎండ ఎలాంటిదో రాష్ట్రమంతా ఎరుగును. ఎండాకాలంలో వేళ్లు ఉబ్బుతాయి, చలికాలం ఉదయం సన్నబడతాయి. గర్భిణిగా ఉన్నప్పుడు ఇంకా మారతాయి. చుట్టూ రాళ్లు పొదిగిన ఉంగరాన్ని తర్వాత పెద్దది చేయడం కష్టం. సాదా ఉంగరాన్ని సులువుగా సాగదీయవచ్చు, తగ్గించవచ్చు. రెండు ఉంగరాలు కలిసి వేలిని ఎక్కువ మేర పట్టుకుంటాయి కనుక, రెండూ ఒకేసారి తొడుక్కుని చూసుకున్నాకే కొలత ఖాయం చేయండి.

చేసే పని కూడా చూసుకోవాలి. మిరప కోతకు, పత్తి తీతకు వెళ్లే చేతికి, రోజంతా సబ్బు నీళ్లలో ఉండే చేతికి పైకి లేచిన రాయి అడ్డు. సాదా చుట్టు ఉంగరానికి ఆ బాధ లేదు. ప్రధానపు ఉంగరం దాచుకుని ఆదివారం పెట్టుకున్నా, పెళ్లి ఉంగరం రోజూ ఉంటుంది. పొలం మోటార్ల దగ్గర, ట్రాక్టర్ దగ్గర, కరెంటు పనిలో ఉండేవారు మాత్రం ఏ ఉంగరమైనా తీసి పెట్టుకునే పనిలోకి దిగాలి. యంత్రంలో ఉంగరం చిక్కుకుంటే వేలికే ప్రమాదం. పనిచోట ఉంగరం తీసినంత మాత్రాన ప్రేమ తగ్గదు. ఉంగరం పోతే అశుభమని భయపడే విశ్వాసులూ ఉన్నారు. పోయింది బంగారమే. మాట పోలేదు.

ఇక బిల్లు. హాల్‌మార్క్ గుర్తు, స్వచ్ఛత అంకె, ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ నంబరు ఉంగరం లోపల ఉన్నాయో లేదో చూడండి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. 2 గ్రాముల లోపు నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు కనుక, సన్నని ఉంగరం కొనేవారు ఆ సంగతి ముందే అడగాలి. రాళ్ల బరువు తీసేసి బంగారం ఎంతో, తరుగు ఎంతో, మజూరీ ఎంతో విడివిడిగా రాయించుకోండి. ఇంట్లో అమ్మమ్మదో నాయనమ్మదో పాత బంగారం ఉంటే దాన్ని పరీక్ష చేయించి, కరిగించి ఉంగరాలు చేయించుకోవడం ఎంతో మంచి పని. కొత్త బంగారం భారం తగ్గుతుంది. ఒక తరం కాపురపు గుర్తు ఇంకో తరం వేలికి చేరుతుంది.

కొత్తది కొనే స్తోమత లేకపోతే? కొనకండి. జర్మనీలో చాలామంది ప్రధానం నాటి ఉంగరాన్నే ఎడమ చేతినుంచి కుడి చేతికి మార్చుకుంటారు. అదే వారి పెళ్లి ఉంగరం. మన దగ్గరా అలా చేయవచ్చు. ప్రధానపు ఉంగరాలనే పెళ్లినాడు పాస్టరుగారి చేతికిచ్చి, ప్రార్థన చేయించి, ప్రమాణం చెప్పి మళ్లీ తొడుక్కోవచ్చు. ఇది లేమికి సర్దుబాటు కాదు. మొదట ఇచ్చిన మాటే ఇప్పుడు ముడి పడిందని చెప్పే అర్థవంతమైన పద్ధతి.

సంఘం చెప్పాల్సిన మాట

జంటలకు చెప్పినంత మాత్రాన ఇది తీరదు. అమ్మాయీ అబ్బాయీ సాదా ఉంగరాలు చాలనుకున్నా, నలుగురూ ఏమంటారోనని పెద్దలు ఒప్పుకోరు. ఆ నలుగురు ఎవరు? ఎక్కువమంది మన సంఘంవాళ్లే. కనుక సంఘం నోరు తెరవాలి.

వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. అయినా ఉంగరం, గొలుసు అన్న పేర్లతో కట్నం పెళ్లిపందిట్లోకి నడిచి వస్తూనే ఉంది. అడిగి తీసుకునే ఉంగరం కానుక కాదు. గ్రాములు చెప్పి రాయించుకునే ఉంగరం ఆశీర్వాదానికి తేవాల్సిన వస్తువు కాదు. పెళ్లికి ముందు జంటలను కూర్చోబెట్టి మాట్లాడే పాస్టర్లు తాళి, ప్రమాణాల గురించి చెప్పినట్టే ఉంగరాల గురించీ అడగాలి. ఎవరు కొంటున్నారు, అప్పు చేశారా, ఎవరైనా అడిగారా అని. బల్ల ముందు మార్చుకునేవి ఇద్దరివీ ఒకే తీరున, సాదాగా ఉండాలని సంఘ పెద్దలు ఒక మాట అనుకుంటే, ఏ ఇంటి ఉంగరం పెద్దదన్న పోలిక చర్చిలోనే ఆగిపోతుంది. ఉన్నవారికి ఇది నష్టం కాదు. లేనివారికి మాత్రం తల ఎత్తుకుని నిలబడే చోటు దొరుకుతుంది.

అపొస్తలుడైన పేతురు భార్యలకు రాస్తూ, పైకి పెట్టుకునే బంగారంకన్నా లోపలి సాధువైన మనసే దేవుని దృష్టికి విలువైన అలంకారమన్నాడు (1 పేతురు 3:3, 4). ఆ మాటను ఆడవారికి చెప్పడానికే వాడుకుంటాం. బంగారం అడిగే మగపెళ్లివారికి దాన్ని చదివి వినిపించేది ఎప్పుడు?

ఇంకో సంగతి. మన ఊళ్లలో భర్త పోయిన స్త్రీ మీదినుంచి ఒక్కొక్క గుర్తునూ తీసేయించే అలవాటు క్రైస్తవ ఇళ్లలోకి కూడా వచ్చింది. ఉంగరం విషయంలో మనం అలా చేయనక్కర్లేదు. ముప్పై, నలభై ఏళ్లు వేలికి ఉండి అరిగిన ఉంగరం ఆమెది. దాన్ని ఉంచుకుంటుందో తీసేస్తుందో ఆమే నిర్ణయించుకోవాలి. రెండో ఉంగరం ఎంచుకునేటప్పుడు ఈనాటి పెళ్లిపందిరే కాదు, ఆ నాటి ముడతలు పడ్డ చేయి కూడా కళ్లముందు ఉండాలి. అరవై ఏళ్ల వయసులో కూడా పెట్టుకోవడానికి హాయిగా ఉండే ఉంగరమే మంచి ఉంగరం.

ప్రధానం అయిపోయి పెళ్లి తేదీ దగ్గరపడుతున్న యువతీ యువకులు కొట్టుకు వెళ్లేముందు ఒక సాయంత్రం కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది మన ఇద్దరికీ ఇష్టమేనా? ఎవరికీ అప్పు పడకుండా కొనగలమా? ఇద్దరం రోజూ పెట్టుకోగలమా? మూడింటికీ అవునని జవాబొస్తే బయలుదేరండి. ఒక్కదానికి కాదని వచ్చినా, ఉన్న ఉంగరాలతోనే చర్చికి వెళ్లండి. కానాలో ద్రాక్షారసం నిండుకున్న పెళ్లింటికి వచ్చిన ప్రభువు (యోహాను 2:1-11), ఆ ఇంటివాళ్ల వేళ్లకు ఏముందో అడగలేదు. లోటును చూశాడు, ఎవరి పరువూ పోకుండా తీర్చాడు. మన పెళ్లిళ్లలోనూ ఎవరి పరువూ పోకుండా చూసుకోవడం మన చేతుల్లో ఉన్న పని.